చెయ్యెత్తితే

మా నాయన నా పన్నుకు దారం కట్టి
రెండో కొస తలుపు గొళ్ళానికి ముడేసి
"అదో చూడు, కాకి" అన్నాడు.
నేను కాకి కోసం చూసినా.
తలుపు దభీమన్నది.
కాకి లేదు.
ముప్పై ఏళ్ళయింది. ఇప్పటికీ ఎవరైనా
అదో చూడు అంటే
ముందు నాలుకతో పళ్ళు తడుముకుంటా.

అట్లాంటి దాన్ని
మొగిలీశును పళ్ళ డాక్టరు దగ్గిరికి తీసకపోవాల్సి వచ్చింది.

వాడికప్పుడు నాలుగేళ్ళు.
మామిడికాయల కాలమంతా
గుజ్జు ఫ్యాక్టరీలో నాకు రాత్రి షిఫ్టు.
వాళ్ళ జేజి పక్కన పాలసీసా నోట్లో పెట్టుకునే
వాడు నిద్రపోయేవాడు.
ముందుపళ్ళు నాలుగూ అంచులు నల్లబడినాయి
మాడిన చెనిక్కాయల మాదిరి.

అన్నం తినకుంటే సూదేస్తారు
నిద్రపోకుంటే సూదేస్తారు
అని మేం వాడికి మాటలతో వేసిన సూదులు
చిత్తూరు పెద్దాసుపత్రిలో కూడా అన్ని ఉండవు.

గిరింపేటలో, మేడ మీద క్లినిక్కు.
మూడో మెట్టు దగ్గిరే వాడు కమ్మీ పట్టుకున్నాడు.
"ఏం కాదు నాయనా, నొప్పుండదు" అన్నా.
అక్కడ నొప్పి ఒకటి ఉంటుందని
అప్పుడే తెలిసింది వాడికి.

డాక్టరమ్మ ఫర్హానా ఆ పొద్దు
వాడి నోటి జోలికే పోలేదు.
కుర్చీ పైకి లేపింది. దించింది. మళ్ళా లేపింది.
వాడి జేసీబీ బొమ్మను దాంట్లో పడుకోబెట్టి
తొట్టి పళ్ళు లెక్కపెట్టింది. ఐదు.
"ఇప్పుడు నావి నువ్వు లెక్కపెట్టు" అని
తనే నోరు తెరిచింది.
వాడికి ఇరవై దాకానే వస్తుంది.
ఇరవై కాంగానే మళ్ళా ఒకటి నుంచి ఎత్తుకున్నాడు.
నూట యాభై కట్టి కిందికి దిగినాం.
"ఇది వైద్యమా, లెక్కల ట్యూషనా" అన్నది మా అత్త.

నాకు మాత్రం పక్కకు పిలిచి చెప్పింది:
కొన్ని మాటలు కొన్నాళ్ళు అటకెక్కించండి,
కారప్పొడి డబ్బా పిల్లోళ్ళకు అందకుండా పెడతారే, అట్లా.
సూది. పీకడం. భయమెందుకురా.
అబద్ధం మాత్రం వద్దు.
చల్లగా ఉంటుంది, జుయ్యిమంటుంది,
ఒకటి రెండు చీమలు కుట్టినట్టుంటుంది అని చెప్పండి.
చెయ్యెత్తితే ఆపుతానని చెప్పండి.

"నిజంగా ఆపుతారా?"
వాడు అడగాల్సింది నేనడిగినా.

ఆపింది.
మిషను పళ్ళకు తగలకముందే చెయ్యెత్తినాడు వాడు, ఆపింది.
ఎందుకెత్తినావంటే
ఆపుతావో లేదో చూసినా, అన్నాడు.
ఇంకోసారి చూసినాడు. ఇంకోసారి.
బయట ఆరుగురు దవడలు పట్టుకోని కూర్చోనుండారు.
నాలుగోసారి చెయ్యి లేవలేదు.

సీసాలో పాలు పోయి నీళ్ళొచ్చినాయి. రెండు రాత్రులు
వీధంతా నిద్రలేకుండా ఏడ్చినాడు.
మూడో రాత్రి సీసా తనే కుక్కపిల్లకిచ్చేసినాడు.
బ్రష్షు మీద బఠాణీ గింజంత పేస్టు,
నా వేళ్ళ మీద వాడి వేళ్ళు,
"మా, వెనక మూలలో మట్టుంది, లోడెత్తు."
షిఫ్టుకు పొయ్యే తొందరలో ఎన్నో రాత్రులు
ఆ మట్టి అట్లే వదిలేసినా. అదీ చెప్పాల.

ఏడో ఏట బళ్ళో చిక్కీ కొరికితే
పాలపన్ను ఊడొచ్చింది.
పేడముద్దలో పెట్టి కప్పు మీదికి వెయ్యమన్నది జేజి.
"డాక్టరమ్మ చూడల్లేదే ఇంకా!"
అగ్గిపెట్టెలో దాన్ని గిరింపేటకు మోసకపోయి,
ఆమె దీపం కింద పెట్టి చూసి
"మంచి పన్ను" అన్నాక,
అప్పుడు పేడ, అప్పుడు కప్పు.

ఇప్పుడు పదకొండు. మెట్ల కిందే నన్ను నిలబెట్టి
ఒక్కడే పైకి పోతాడు.

నిన్న నా దవడ వాచింది.
లవంగం పెట్టినా, ఉప్పునీళ్ళు పుక్కిలించినా,
తెల్లారేసరికి ఒక కన్ను మూసుకపోయింది.
చెయ్యి పట్టుకోని వాడే మెట్లెక్కించినాడు.

కుర్చీ వెనక్కి వాలింది.
కిటికీ చువ్వ మీద ఒక కాకి, నిజం కాకి.
ఎవరూ నన్ను చూడమనలేదు.
చెయ్యి దానంతటదే లేచింది.
"ఇంకా మొదలే పెట్టలేదు కదమ్మా"
డాక్టరమ్మ అంటా ఉంటే
తలుపు దగ్గిర్నుంచి మొగిలీశు:
"ఆపుతారో లేదో చూస్తా ఉంది మేడమ్.
ఇంకో మూడుసార్లు ఎత్తుతుంది."